ప్రక్షిప్తాలు, పరిష్కర్తలు, ఒక అక్షరదోషం

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. వాయిదాకు కారణం బద్ధకం ఒక్కటే కాదు. శాస్త్ర విషయం తెలుగులో చెప్పబోతే సగం మాటలు అరువు తెచ్చుకోవాలి, తెచ్చుకున్న మాటలకు మళ్ళీ వ్యాఖ్యానం రాసుకోవాలి. అయినా మన బ్లాగు మిత్రుల మధ్య గ్రంథ పరిష్కరణ గురించీ ప్రక్షిప్త పద్యాల గురించీ జరిగిన వాదోపవాదాలు తలచుకుంటే, ఈ కథను అర్థం చేసుకోవడానికి మనకంటే తగినవారు లేరేమో అనిపించింది. ఇది కూడా మూలప్రతి, నకలు, ప్రక్షిప్తం, అక్షరదోషం అనే నాలుగు మాటల చుట్టూ తిరిగే కథే. ఈ గ్రంథం మాత్రం తాటాకుల మీద లేదు, జీవకణంలో ఉంది.

ముందుగా ఒక సొంత జ్ఞాపకం. నా చిన్నతనంలో మా పిన్నికి మగపిల్లవాడు పుట్టాడు. మూడు నెలలు దాటినా మెడ నిలబెట్టలేదు. చేతులూ కాళ్ళూ తడిగుడ్డలా వేలాడేవి. ఏడుపు కూడా పిల్లికూన గొంతులా సన్నగా ఉండేది. కళ్ళు మాత్రం మహా చురుకు. గదిలోకి ఎవరు వచ్చినా వారి వెంటే తిరిగేవి. ఏడాది నిండకుండానే పోయాడు. రెండేళ్ళకు పుట్టిన ఆడపిల్లదీ అదే దారి. పట్నంలో చూసిన వైద్యుడు బలానికి మందు రాసి పంపాడు. ఇంట్లో పెద్దవాళ్ళు బాలారిష్టమన్నారు. ఇంకొందరు ఇంకా పరుషమైన మాటలన్నారు, అవన్నీ పిన్ని పాలబడ్డాయి. పిన్నిదీ బాబాయిదీ మేనరికం. ఆ పిల్లలకు వచ్చిన జబ్బు ఏదో ఇవాళ నిర్ధారించి చెప్పగలవారు లేరు. అయితే చాలా ఏళ్ళ తరువాత ఒక వ్యాసంలో స్పైనల్ మస్క్యులర్ ఎట్రఫీ అనే వ్యాధి లక్షణాలు చదువుతుంటే, ఆ కళ్ళు నాకు మళ్ళీ కనిపించాయి.

* * *

ఈ వ్యాధిని 1891లో మొదట వర్ణించినవాడు ఆస్ట్రియా వైద్యుడు గైడో వెర్డ్నిగ్. ఒకే తల్లి కన్న ఇద్దరు మగపిల్లల్లో దాన్ని చూశాడు. రెండేళ్ళ తరువాత జర్మనీలోని హైడెల్‌బెర్గ్ వైద్యుడు యోహాన్ హాఫ్‌మన్ మరికొన్ని కుటుంబాల వివరాలు ప్రచురించాడు. వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు ఒకటొకటిగా నశిస్తాయి. ఆజ్ఞ అందని కండరం క్షీణిస్తుంది. మెదడుకు మాత్రం ఏమీ కాదు, పిల్లవాడు అన్నీ గ్రహిస్తూనే ఉంటాడు. తీవ్రమైన రకం సోకిన పసివారిలో అత్యధికులు, యంత్ర సహాయం లేకుంటే, రెండో పుట్టినరోజు చూడరు. శ్వాస కండరాలు కూడా కండరాలే కదా.

ప్రపంచవ్యాప్తంగా సుమారు పదివేల జననాలకు ఒకరికి వస్తుందని లెక్క. తల్లి దగ్గర ఒక చెడిన ప్రతి, తండ్రి దగ్గర ఒక చెడిన ప్రతి ఉండి, ఆ రెండూ బిడ్డకు చేరితేనే వ్యాధి. అటువంటి దంపతుల ప్రతి సంతానానికీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. తల్లిదండ్రులిద్దరికీ ఏ లక్షణమూ ఉండదు. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళలో ఒకే తాతగారి నుంచి అదే చెడిన ప్రతి ఇద్దరికీ వచ్చే అవకాశం పెరుగుతుంది. మేనరికాలు మామూలైన మన ప్రాంతంలో ఈ సంగతి ప్రతి బడిపిల్లవాడికీ తెలిసి ఉండాలి.

వెర్డ్నిగ్ తరువాత దాదాపు వందేళ్ళు వైద్యులు ఈ వ్యాధికి పేర్లు పెట్టారు, రకాలు విభజించారు. అంతకు మించి చేయగలిగింది లేదు. దారి చూపిన సంగతి ఇంకెక్కడో, ఈ వ్యాధి ఊసే లేనిచోట బయటపడింది.

* * *

1977. జలుబు తెప్పించే ఎడినోవైరస్ మీద అమెరికాలో రెండు బృందాలు పనిచేస్తున్నాయి. ఒకటి ఎమ్.ఐ.టి.లో ఫిలిప్ షార్ప్ బృందం, రెండోది న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో రిచర్డ్ రాబర్ట్స్ బృందం. డి.ఎన్.ఏ. మూలప్రతి అనుకుంటే, అవసరమైన భాగానికి కణం ఆర్.ఎన్.ఏ. రూపంలో నకలు రాసుకుంటుంది, ఆ నకలు చూసి ప్రోటీను తయారుచేస్తుంది. అంతవరకు అందరి నమ్మకమూ మూలం ఎంత ఉంటే నకలు అంత ఉంటుందని. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద మూలాన్నీ నకలునూ జత చేసి చూస్తే, మూలంలోని కొన్ని భాగాలు జత దొరకక ఉచ్చుల్లా బయటికి వేలాడాయి. అంటే నకలులో ఆ భాగాలు లేవు! మధ్యలో ఎవరో కత్తిరించి, మిగిలిన ముక్కలను అతికారు. షార్ప్, రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ ఉచ్చులను కళ్ళారా చూసి పత్రాలు రాసిన సూసన్ బెర్జెట్, లూయీస్ చౌ అనే ఇద్దరు స్త్రీలకు రాలేదు. వారి పేర్లు కూడా ఇక్కడ నమోదు చేయడం ధర్మమనిపించింది.

కత్తిరించి పారేసే భాగాలను ఇంట్రాన్లన్నారు, ఉంచుకునే భాగాలను ఎక్సాన్లన్నారు. ఈ కత్తిరించి అతికే పని పేరు స్ప్లైసింగ్. మన భాషలో ఇంట్రాన్లు ప్రక్షిప్తాలు. మనిషి జన్యువుల్లో తరచు మూలం కంటే ప్రక్షిప్తమే పెద్దది. పదిమాటల శ్లోకం మధ్య వందమాటల చొప్పింపు ఉన్నట్టు. కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు సరిచూపించిన బ్రౌను దొరకు కూడా ఇంత చెడిన ప్రతి చేతికి రాలేదేమో! కణంలోని పరిష్కర్త మాత్రం క్షణక్షణమూ ఈ పని చేస్తూనే ఉంటాడు, అక్షరం పొల్లుపోకుండా. పొల్లుపోతే ఏమవుతుందన్నదే మన కథ.

ఆ పరిష్కర్త ఎవరు, ఏది ఉంచాలో ఏది తీయాలో అతనికెలా తెలుసు? ఈ ప్రశ్నను జీవితవ్రతంగా పట్టుకున్నవాడు ఏడ్రియన్ క్రైనర్. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పుట్టాడు. చదువుకోసం అమెరికా వచ్చి కొలంబియాలో పట్టం పుచ్చుకుని, హార్వర్డ్‌లో టామ్ మేనియాటిస్ దగ్గర పరిశోధనకు చేరాడు. 1984లో ఆ బృందం మనిషి కణాల కేంద్రకాల నుంచి తీసిన రసంలో, పరీక్షనాళికలోనే, స్ప్లైసింగ్ జరిగేలా చేసింది. బతికున్న కణంలో జరిగే పనిని గాజు గొట్టంలో జరిపించడం చిన్న విషయం కాదు. రసాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగం తీసేస్తే పని ఆగుతుందో చూడవచ్చు. 1986లో క్రైనర్ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌కు వెళ్ళాడు, అక్కడే స్థిరపడ్డాడు. 1990లో అతడు శుద్ధి చేసి వేరుచేసిన ఒక ప్రోటీనుకు ఎస్.ఎఫ్.2 అని పేరు. అదే ప్రోటీనును కొలంబియాలో జేమ్స్ మ్యాన్లీ బృందం కూడా పట్టుకుని ఎ.ఎస్.ఎఫ్. అని పేరు పెట్టింది. ఇద్దరూ పేరు వదులుకోలేదు. చాలా ఏళ్ళు దాన్ని జంటపేరుతోనే పిలిచారు, మన జంటకవుల్లాగా. ఈ ప్రోటీను పని, ఎక్సాన్ మీద కొన్ని గుర్తులు చూసి అక్కడ కూర్చుని "ఇది మూలమే, తీయవద్దు" అని పరిష్కర్తకు చెప్పడం.

* * *

మళ్ళీ వ్యాధి దగ్గరికి వద్దాం. 1990లో దీని జన్యువు అయిదో క్రోమోజోము మీద ఉందని తెలిసింది. 1995లో ఫ్రాన్సులో జుడిత్ మెల్కీ బృందం జన్యువునే పట్టుకుంది. పేరు ఎస్.ఎం.ఎన్. చాలక నాడీకణాలను బతికించేది అని ఆ పేరుకు అర్థం. విచిత్రమేమంటే మనిషిలో ఆ జన్యువు పక్కనే దాదాపు అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది. మొదటిది ఎస్.ఎం.ఎన్.1, రెండోది ఎస్.ఎం.ఎన్.2. రోగులలో నూటికి తొంభైఅయిదు మందికి మొదటిది, కనీసం అందులోని ఏడో ఎక్సాన్, లేదు. రెండోది మాత్రం దాదాపు అందరికీ ఉంది. అలాంటప్పుడు జోడీగా మరో ప్రతి ఉండికూడా పిల్లలు ఎందుకు చనిపోతున్నారు?

1999లో జవాబు దొరికింది. అమెరికాలో క్రిస్టియన్ లార్సన్, ఎలియట్ ఆండ్రోఫీల బృందమూ, ఒహాయోలో ఉమ్రావ్ మొనానీ, ఆర్థర్ బర్ఘెస్‌ల బృందమూ చూపించిందేమంటే, కీలకమైన తేడా ఒకే ఒక్క అక్షరం. ఏడో ఎక్సాన్ ఆరో స్థానంలో మొదటి జన్యువులో సి ఉన్నచోట రెండోదాంట్లో టి ఉంది. ఈ మార్పు వల్ల ప్రోటీను మాట కూడా మారదు. రెండు రాతలకూ అదే అమైనో ఆమ్లం వస్తుంది. అయినా రెండో జన్యువు నకళ్ళలో చాలా భాగం ఏడో ఎక్సాన్ లేకుండానే బయటికి వస్తాయి. 54 అక్షరాల ఆ ముక్క లేని ప్రోటీను నిలవక త్వరగా విరిగిపోతుంది. పదింట ఒక నకలు మాత్రం సరిగ్గా వస్తుంది. పిల్లలు పుట్టేదాకా బతికి ఉండేది ఆ పదో వంతు చలవవల్లే.

ఛందస్సు తెలిసినవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. ఒక పద్యంలో లేఖకుడు ఒక అక్షరం మార్చి రాశాడు. అర్థం చెడలేదు, యతి చెడింది. పరిష్కర్త దాన్ని చూసి "ఈ కవి యతి తప్పడు, కనుక ఇది ప్రక్షిప్తం" అని పద్యాన్నే కొట్టేశాడు. పద్యం కవిదే, తప్పు లేఖకుడిది, నష్టం చదువరిది.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. ఫిలడెల్ఫియాలో గిడియన్ డ్రైఫస్ బృందం 1997 నాటికి తేల్చినదాని ప్రకారం, ఈ ఎస్.ఎం.ఎన్. ప్రోటీను చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి స్ప్లైసింగ్ యంత్రంలోని భాగాలను కూర్చిపెట్టడం! కత్తెరకు సాన పట్టేవాడు అదే కత్తెర వేటుకు బలయ్యాడన్నమాట. కణాలన్నిటికీ కత్తెర అవసరమే కదా, చాలక నాడీకణాలే ఎందుకు ముందు కూలుతాయన్నది ఇప్పటికీ పూర్తిగా విడని చిక్కుముడి.

1999లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఈ వ్యాధి మీద ఏర్పాటు చేసిన సమావేశానికి క్రైనర్ వెళ్ళాడు. అంతవరకు అతడు వ్యాధుల మనిషి కాదు, యంత్రాంగం తెలుసుకోవాలన్న కుతూహలంతో పని చేస్తున్నవాడు. తాను పదిహేనేళ్ళుగా తడుముతున్న ప్రశ్నే పసివారి ప్రాణాల రూపంలో అక్కడ ఎదురైంది. 2002లో అతడూ, అతని దగ్గర పనిచేస్తున్న లూకా కార్టెన్యీ కలిసి ఆ ఒక్క అక్షరం ఎస్.ఎఫ్.2 కూర్చునే గుర్తును చెరిపేస్తుందని ప్రచురించారు. మరుసటి ఏడు మ్యాన్లీ బృందం అది కాదంది. గుర్తు చెరిగిపోవడం కారణం కాదు, "కొట్టేయి" అనే కొత్త గుర్తు పుట్టడమే కారణమంది. రెండు వాదాలకూ ఆధారాలున్నాయి. మన ప్రక్షిప్త వాదాలకు లేనిదేమిటంటే, అక్కడ వాదం ఎటు తేలినా తరువాతి అడుగు వేయడానికి అడ్డురాలేదు. కొట్టేయకుండా ఆపడం ఎలా అన్నదే ఆ అడుగు.

* * *

ఇక్కడ ఇంకో పాయ వచ్చి కలుస్తుంది. 1978లో హార్వర్డ్‌లో పాల్ జమెక్నిక్, మేరీ స్టీఫెన్సన్ అనేవారు, ఒక వైరస్ ఆర్.ఎన్.ఏ.కు సరిగ్గా జత కుదిరే 13 అక్షరాల చిన్న డి.ఎన్.ఏ. ముక్కను తయారుచేసి, దానితో కోడిపిల్ల కణాల్లో ఆ వైరస్ పెరుగుదలను అణచారు. ఏ అక్షరాల వరుస తెలిస్తే దానికి అతుక్కునే ముక్కను రాసుకోవచ్చు. మందును వెతకనక్కరలేదు, రాయవచ్చు! వినడానికి ఎంత తేలికో చేయడం అంత కష్టమైంది. ముక్కలు రక్తంలో నిలిచేవి కావు. ఈ ఒక్క ఊహ మీద 1989లో కాలిఫోర్నియాలో ఐసిస్ అనే సంస్థ పుట్టి ఏళ్ళ తరబడి నష్టాల్లో నడిచింది. ఈజిప్టు దేవత పేరు పెట్టుకున్న పాపానికి, 2015లో ఉగ్రవాద ముఠా పేరుతో పోలిక రావడంతో అయోనిస్ అని మార్చుకోవలసి వచ్చింది, అది వేరే సంగతి.

2004లో క్రైనర్, ఐసిస్‌లోని ఫ్రాంక్ బెన్నెట్ చేతులు కలిపారు. క్రైనర్ ప్రయోగశాలలో యిమిన్ హువా చేసిన పని చూడండి. ఏడో ఎక్సాన్ పొడవునా, ఆ పక్కనున్న ఇంట్రాన్ల పొడవునా, కొన్ని అక్షరాల చొప్పున జరుగుతూ, ఒక్కొక్క చోటును కప్పే ముక్కలు చేసి, ఏది కప్పితే ఎక్సాన్ మిగులుతుందో చూస్తూ పోయాడు. మెరుపులాంటి ఊహలేవీ లేవు, పొలం దున్నినట్టు చాలు వెంట చాలు. మరోవైపు మాసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రవీంద్ర సింగ్, నతాల్యా సింగ్‌లు ఆండ్రోఫీతో కలిసి 2006లో ఒక చిన్న వరుసను ప్రచురించారు. అది ఎక్సాన్‌లో లేదు, దాని పక్కన ఏడో ఇంట్రాన్ మొదట్లో ఉంది. అంచున నిలబడి "ఈ పక్కనున్నది కొట్టేయి" అని చెప్పే వరుస. దాన్ని తీసేస్తే ఏడో ఎక్సాన్ తిరిగి నిలిచింది. హువా దున్నిన చాళ్ళలోనూ అత్యుత్తమ ఫలితం ఆ తావులోనే వచ్చింది. మందుకు ఆ రెండు చోట్ల పనీ మూలమే, ఒకరి పేరే చెప్పి ఊరుకోవడం సబబు కాదు.

చివరికి నిలిచిన మందు 18 అక్షరాలు. ప్రతి అంచున పండితుడు రాసిన "ప్రక్షిప్తం" అన్న మాట మీద చీటీ అంటిస్తే పరిష్కర్త అది చూడక పద్యాన్ని ఉంచేస్తాడు. ఆ మందు చేసేది ఇదే. ఎవరి జన్యువునూ మార్చదు, పోయిన మొదటి ప్రతిని తేదు. ఉన్న రెండో ప్రతిని సరిగా చదివిస్తుంది.

ఎలుకలకు సహజంగా రెండో ప్రతి లేదు. మనిషి ప్రతిని చొప్పించిన ఎలుకలను బర్ఘెస్ బృందమూ, తైవాన్‌లో మరొక బృందమూ 2000లోనే తయారుచేసి పెట్టాయి. తీవ్రమైన రకం ఎలుకపిల్లలు పది రోజుల్లో చనిపోయేవి. పుట్టగానే మందు ఇస్తే నెలల తరబడి బతికాయని 2011లో క్రైనర్ బృందం ప్రకటించింది. ఆ ఏడాది చివర్లోనే మొదటిసారి పిల్లల వెన్నులోకి సూది ద్వారా మందు ఎక్కించారు. రక్తంలోకి ఇస్తే అది వెన్నుపాముకు చేరదు.

తరువాత జరిగిన పెద్ద పరీక్ష గురించి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. తీవ్రమైన రకం సోకిన 121 మంది పసివారు. మూడింట రెండు వంతుల మందికి మందు. మిగిలినవారికి వెన్ను మీద సూది గుచ్చిన గుర్తు మాత్రం పెట్టి, పట్టీ వేసి పంపేవారు, ఎవరికి ఏది అందిందో తల్లిదండ్రులకు తెలియకుండా. శాస్త్రానికి అది తప్పదంటారు, నిజమే. ఆ పట్టీ విప్పి చూసుకున్న తల్లిని తలచుకోకుండా ఉండటం మాత్రం నాకు చేతకాలేదు. 2016 ఆగస్టులో మధ్యంతర ఫలితాలు చూసి పరీక్ష ఆపేశారు, మందు అందని పిల్లలకూ ఇవ్వడం మొదలుపెట్టారు. చివరి లెక్కలో మందు తీసుకున్న 73 మందిలో 37 మంది మెడ నిలపడం, దొర్లడం, కూర్చోవడం వంటి మెట్లు ఎక్కారు. అందని 37 మందిలో ఒక్కరూ ఎక్కలేదు. ఆ ఏడాది డిసెంబరు 23న అమెరికా ప్రభుత్వం నుసినెర్సెన్ అనే ఈ మందుకు అనుమతి ఇచ్చింది. వ్యాధి లక్షణాలు కనిపించకముందే మొదలుపెట్టిన మరో చిన్న పరీక్షలో 25 మంది పిల్లలూ బతికారు, చాలామంది తమంతట తాము నడిచారు. వెర్డ్నిగ్‌కు ఈ వాక్యం చదివి వినిపించగలిగితే ఎంత బాగుండును!

* * *

ఇక్కడితో ఆపితే మంచి కథే. కానీ ధర చెప్పకుండా ఆపడం నిజాయితీ కాదు. 2016లో అనుమతి వచ్చినప్పుడు దాని ధర మొదటి ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు, ఆపైన ఏటేటా అందులో సగంగా ఉండేది. 2019లో అనుమతి పొందిన జన్యుచికిత్స జోల్‌జెన్స్మా ఒక్క మోతాదుకే 21 లక్షల డాలర్లు పైన. 2021లో హైదరాబాదుకు చెందిన ఒక పసివాడి కోసం పదహారు కోట్లు చందాలుగా పోగు చేయడం పత్రికల్లో చదివే ఉంటారు. ఆ బాబుకు మందు అందింది. చందాల వరదను రాబట్టలేని కుటుంబాల గురించి పత్రికలు రాయవు. అరుదైన వ్యాధులకు మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సహాయానికి 50 లక్షల పరిమితి ఉంది.

2020లో మూడో మందు వచ్చింది, రిస్డిప్లామ్. ఇది వెన్నులోకి సూది కాదు, నోటితో తాగేది. చేసేది మాత్రం అదే పని, రెండో ప్రతిలో ఏడో ఎక్సాన్‌ను కొట్టేయకుండా ఆపడం. మన దేశంలో రోష్ సంస్థ అమ్మిన సీసా ధర ఆరు లక్షల పైచిలుకు. హైదరాబాదు సంస్థ నాట్కో అదే మందును చవకగా చేస్తామనగా, పేటెంటు పేరిట వ్యాజ్యం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2025 మార్చిలో ఏకసభ్య ధర్మాసనం నాట్కోను ఆపడానికి నిరాకరించింది. అక్టోబరులో ద్విసభ్య ధర్మాసనమూ, ఆ తరువాత సుప్రీంకోర్టూ ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర 15,900 రూపాయలుగా ప్రకటించింది. నెలనెలా కొనవలసిన కుటుంబానికి ఇదీ భారమే. కానీ ఆరు లక్షలకూ పదహారు వేలకూ మధ్య ఉన్న దూరం, బిడ్డను బతికించుకోవడానికీ వదులుకోవడానికీ మధ్య ఉన్న దూరం.

ఈ దారిలో అన్నీ విజయాలు కావు. హంటింగ్టన్ వ్యాధికి ఇదే కోవలో తయారైన మందు పరీక్షను 2021లో నిలిపివేశారు. 2023లో మరొక చాలక నాడీకణ వ్యాధిలో, ఒక అరుదైన జన్యురకానికి మాత్రం, టోఫెర్సెన్ అనే మందు అనుమతి పొందింది. క్రైనర్, బెన్నెట్‌లకు 2019 సంవత్సరపు బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది. అమెరికా రాష్ట్రాలన్నీ ఇప్పుడు పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ రక్తపు చుక్కతో ఈ పరీక్ష చేస్తున్నాయి. మనకు అది రాలేదు. మందు చవకైనా, లక్షణాలు ముదిరాక ఇస్తే చనిపోయిన నాడీకణాలు తిరిగి రావు.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు పిన్నికి ఈ కథంతా నాకు చేతనైన మాటల్లో చెప్పాను. ఎనభై దాటింది, చెవి సరిగా వినబడదు. తాతగారి దగ్గర మొదలై ఉండవచ్చుననీ, సగం నీనుంచి వస్తే సగం బాబాయి నుంచి వచ్చి ఉంటుందనీ, ఇదంతా ఊహేననీ, ఎవరూ తేల్చలేరనీ చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "సగం ఆయనదీనా?" అంది.

అవును పిన్నీ అన్నాను.

"మరి ఆ ముక్క అప్పుడెవరూ చెప్పలేదేమిరా," అని లేచి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.